పడవ కడుపులోని నురుగు

యాంగోన్ నగరానికి దక్షిణపు అంచున నది పారుతున్నది. ఇవతలి ఒడ్డున పాన్సొడాన్ రేవు, అవతలి ఒడ్డున డలా. ఈ రెంటి నడుమ జనము కొందరు పెద్ద ఫెర్రీలలోను, కొందరు చిన్న సాంపాన్లలోను ప్రతి దినము దాటుతుంటారు. పోటు సమయాన నీరు ఎగువకు ఎగబాకుతుంది. ఆటు సమయాన సముద్రం వైపుకు పరుగిడుతుంది. పెద్ద పోటు రోజులలో నీటిమట్టము అయిదు మీటర్లకు పైగా మారే నది ఇది. అటువంటి నదిలో చిన్న పడవకు చిల్లు పడినా, పక్కగా వెళ్లిన పెద్ద నౌక అలకు నీరు నిండినా, ఆ పడవలోని వారికి మిగిలే ఆధారము ఒక్కటే: నీరు నిండిన తరువాత కూడ పడవ తేలుతూ ఉండుట.

తెలుగువారికి ఈ నదితో సంబంధము కొత్తది కాదు. గోదావరి ముఖద్వారాన ఉన్న కోరంగి రేవు నుండి ఓడలెక్కి వచ్చిన వారి పూర్వీకులను రంగూన్‌లో ఆ రేవు పేరుతోనే 'కోరంగీలు' అని పిలిచారు. ఆ కోరంగిని 1839 నాటి తుపాను ధ్వంసము చేసినది. ఇక్కడ 2008 మే 2, 3 తేదీలలో ఐరావతి డెల్టా మీద విరుచుకుపడిన నర్గిస్ తుపానులో 1,38,000 మందికి పైగా మరణించిరి లేక గల్లంతైరి. బంగాళాఖాతానికి ఇరువైపుల ఉన్నవారికి నీరు అన్నము పెట్టే తల్లి. అప్పుడప్పుడు ప్రాణము తీసే మృత్యువు కూడ. అందువలన పడవ ఎందుకు తేలుతుంది, ఎప్పుడు తేలదు అన్న ప్రశ్న వీరికి పుస్తకాలలోని ప్రశ్న మాత్రమే కాదు.

ఈ వ్యాసము చిన్న అల్యూమినియం పడవలలో బల్లల కింద, పక్క గోడల లోపల కనబడకుండా నింపి ఉంచే గట్టి నురుగును గురించినది. అంగడిలో దీనిని ఫోమ్ అంటారు. ఇది కొన్నాళ్లకు ఎట్లా పాడగును, పాడైనదని ఎట్లా కనిపెట్టవలెను, దానిని తీసి కొత్తది ఎట్లా నింపవలెను అన్నవి ఇందులోని విషయాలు.

మునిగే లోహము, తేలే గాలి

టేకు చెక్క సాంద్రత నీటి సాంద్రతలో సుమారు మూడింట రెండు వంతులు. కనుక టేకు సాంపాను నిండా నీరు చేరినా దాని చెక్క తనంతట తానే తేలుతుంది. మన తీరపు జాలరుల పాత తెప్ప కూడ అటువంటిదే. తేలిక దుంగలను కలిపి కట్టిన ఆ తెప్పలో నీరు నిండే గుంటే లేదు గనుక అది మునిగే ప్రసక్తే లేదు.

అల్యూమినియం సంగతి వేరు. 1886లో అమెరికాలో హాల్, ఫ్రాన్సులో హెరూ ఒకరినొకరు ఎరుగకుండానే కనుగొన్న విద్యుద్విశ్లేషణ పద్ధతి వలన ఈ లోహము చౌక అయినది. ఉక్కుతో పోల్చితే మూడవ వంతు బరువు. తుప్పు అంత సులభంగా పట్టదు. కనుక చిన్న పడవలకు అనువైనది. కాని దాని సాంద్రత నీటికి 2.7 రెట్లు. లోపల గాలి ఉన్నంతసేపే అల్యూమినియం పడవ తేలుతుంది. గాలి స్థానములో నీరు చేరిన మరుక్షణము అది వంట పాత్రవలె మునుగుతుంది. వెనుక బిగించిన ఇంజను దానిని మరింత త్వరగా కిందికి లాగుతుంది.

దీనికి విరుగుడు ఒక్కటే. పడవలోని గాలిలో కొంత భాగాన్ని నీరు తోసివేయలేని విధముగా బంధించి ఉంచవలెను. ఖాళీ డబ్బాలలో బంధించవచ్చును. కాని డబ్బాకు ఒక్క చిల్లు పడితే అందులోని గాలి మొత్తము పోవును. గాలిని లక్షలాది చిన్న చిన్న గదులలో వేరువేరుగా బంధించినచో ఒక గది పగిలినా మిగిలినవి నిలుచును. నురుగు చేసే పని ఇదే. అనగా ఫోమ్ అన్నది తేలిక పదార్థము అనుకొనుట కంటె, గాలిని గదులలో దాచిన భాండాగారము అనుకొనుట సరియైనది.

బూరుగు దూది నుండి పాలియురెథేన్ వరకు

ఈ ఊహ ప్రకృతిలో ముందే కలదు. తెల్ల బూరుగ కాయలోని దూది పోగు లోపల బోలుగా ఉంటుంది. వెలుపల మైనము వంటి పూత ఉంటుంది. నీరు ఆ పూతకు అంటదు. లోపలి గాలి బయటకు రాదు. అందుచేత ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధములో నావికుల ప్రాణరక్షక కవచాలను ఈ దూదితో నింపేవారు. అయితే దానికి రెండు బలహీనతలు కలవు. పదే పదే మీద కూర్చుని నలిపితే బోలు పోగులు చితికిపోవును; నూనె తగిలితే మైనపు పూత పనిచేయదు. పైకి ఏ మార్పు లేకుండానే లోపల శక్తి నశించుట అన్న ఈ వ్యాధి నేటి కృత్రిమ నురుగుకు కూడ వారసత్వముగా వచ్చినది.

పాలిస్టైరీన్ నురుగును అమెరికా తీర రక్షక దళము 1942లో ప్రాణరక్షక తెప్పలలో వాడినది. మనము థర్మోకోల్ అని పిలిచేది ఈ కుటుంబానిదే. పాలియురెథేన్ రసాయనాన్ని జర్మనీలో ఆటో బేయర్, అతని సహచరులు 1937లో కనుగొన్నారు. రెండు ద్రవాలను కలిపిన కొద్ది క్షణాలకే పొంగి, ఏ ఆకారములో పోసితే ఆ ఆకారములో గట్టిపడే గుణము దీనికి ఉండుటచే పడవల తయారీదారులకు ఇది వరమైనది. అమెరికాలో 1978 నుండి, 20 అడుగుల కంటె చిన్నవైన మోటారు బిగించే పడవలలో చాలావరకు, నీరు నిండినా ఒరగకుండ తేలవలెనన్న నియమము అమలులోనికి వచ్చినది. అటువంటి నియమాల ఫలితముగా చిన్న అల్యూమినియం పడవలలో నురుగు నింపుట సాధారణమైనది.

నురుగులోనికి నీరు ఎట్లా చేరుతుంది?

మంచి నురుగులో నూటికి తొంభైకి పైగా గదులు మూసుకొని ఉంటాయి. అయినా ఏళ్లు గడిచిన కొద్దీ నీరు లోపలికి చేరుతున్నది. దీనికి మూడు దారులు కలవు.

మొదటిది పగిలిన గదులు. అలల తాకిడికి పడవ రేకు కంపించినపుడల్లా నురుగు దానితో రాపిడి చెందును. అంచులలోని పలుచని గోడలు పగులును. తెరిచిన గదులు దీపపు వత్తి నూనెను పీల్చినట్లు నీటిని పీల్చును. చలి దేశాలలో ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచించి మరికొన్ని గదులను చీల్చును. యాంగోన్‌లో ఆ బాధ లేదు.

రెండవది ఆవిరి. ద్రవరూపములో ఉన్న నీరు దాటలేని గోడను ఆవిరి రూపములో ఉన్న నీరు మెల్లగా దాటగలదు. ఏప్రిల్ ఎండకు పడవ పైభాగము కాలిపోతుంటుంది; అడుగుభాగము నీటిలో చల్లగా ఉంటుంది. వేడి వైపు నుండి ఆవిరి నురుగులోనికి చొచ్చి, చల్లని వైపున గదులలోనే నీటి బిందువులుగా మారును. చల్లని లోటాకు వెలుపల చెమట పట్టుటకు కారణమైన సూత్రమే ఇది. బిందువు ఒకసారి ఏర్పడిన తరువాత తిరిగి బయటకు వచ్చే అవకాశము తక్కువ.

మూడవది, మిక్కిలి సాధారణమైనది, నిలువ నీరు. యాంగోన్‌లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వర్షము పడుతుంది. విశాఖపట్నములో పడే దానికి ఇది రెండు రెట్లకు మించినది. దాదాపు అంతయు మే నుండి అక్టోబరు లోపలనే పడును. కప్పు లేని పడవలో చేరిన వాన నీరు అడుగుకు దిగును. నది తెచ్చే సన్నని ఒండ్రు నీరు పోయే రంధ్రాలను మూసివేయును. అప్పుడు నురుగు అడుగుభాగము నెలల తరబడి నీటిలో నానుతూ ఉండును. ఏ నురుగైనను అప్పుడప్పుడు తడియుటను సహించును గాని, నిత్యము నానుటను ఎల్లకాలము సహింపజాలదు.

తడిసిన నురుగు లోహానికి చేసే చేటు

అల్యూమినియంను కాపాడేది దాని మీద సహజముగా ఏర్పడే పలుచని ఆక్సైడు పొర. గీత పడినా గాలిలోని ఆక్సిజన్‌తో ఆ పొర వెంటనే తిరిగి ఏర్పడును. తడిసిన నురుగు లోహానికి అతుక్కుని ఉన్నచోట ఆక్సిజన్ అందదు. వేసవిలో సముద్రపు ఉప్పు పోటుతో పాటు ఎగువకు వచ్చే నదులలో ఆ తేమలో క్లోరైడు కూడ ఉండును. ఆక్సిజన్ లేని చోట, క్లోరైడు ఉన్న చోట పొర తిరిగి కట్టుకొనలేదు. సూది గుచ్చినట్లు చిన్న గుంటలు పడి లోతుగా తొలుచుకొని పోవును. బయటకు కనిపించేది తెల్లని పొడి మాత్రమే. అది అల్యూమినియం హైడ్రాక్సైడు. పడవల తయారీలో వాడే 5052, 5083 వంటి మెగ్నీషియం మిశ్రమ లోహాలు కూడ ఈ స్థితిలో పూర్తిగా సురక్షితము కావు.

కాబట్టి పాడైన నురుగు మూడు విధాల ద్రోహము చేయుచున్నది. ఆపదలో ఇవ్వవలసిన తేలే శక్తిని ఇవ్వదు. ఆపద లేని దినములలో అదనపు బరువై పడవను కిందికి దించి, అలలు లోపలికి దూకుటకు సహకరించును. ఈ రెంటి నడుమ నిశ్శబ్దముగా పడవ అడుగును తొలుచుచుండును.

తూచి తెలుసుకొనుట

నురుగును చేతితో తట్టి చూచిగాని, పైపొరను తడిమిగాని దాని స్థితిని నిర్ణయింపరాదు. పైపొర ఎండిపోయి అడుగు నానిపోయి ఉండవచ్చును. నమ్మదగిన సాక్షి త్రాసు ఒక్కటే.

బల్ల మీది రేకును విప్పి, పది సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, ఎత్తు గల ముక్కను కోసి తీయవలెను. దాని ఘనపరిమాణము సరిగ్గా ఒక లీటరు. పడవలలో వాడే సాధారణ పాలియురెథేన్ నురుగు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 32 కిలోలు. అనగా పొడిగా ఉన్న ముక్క 32 గ్రాములు తూగవలెను. కొంచెము చిక్కని రకమైతే 40 గ్రాములు. అది 330 గ్రాములు తూగితే, అందులో దాదాపు 300 గ్రాములు నీరే. ఇటువంటి ముక్కలను పైనుండి, మధ్యనుండి, అడుగునుండి మూడు చోట్ల తీసి తూచినచో నీరు ఎంత ఎత్తు వరకు ఎక్కినదో తెలియును.

ఆ 300 గ్రాములు చిన్న సంఖ్య అనిపించవచ్చును. పడవలో 360 లీటర్ల నురుగు ఉండి, అంతటా అదే స్థితి ఉంటే లోపల దాగిన నీరు 108 కిలోలు. బర్మా అంగళ్లలోని పెయిత్తా తూకములో ఇది 66 పెయిత్తాలు. ఆంగ్లేయులు ఆ తూకాన్ని 'విస్' అని వ్రాసిరి. అది మన వీశె మాటకు చుట్టమే. ఇద్దరు మనుషులంత బరువును పడవ ఏ టిక్కెట్టు లేకుండా రోజూ మోయుచున్నదన్న మాట.

ఎంత నురుగు కావలెను?

ఇక్కడ ఆర్కిమిడీస్ సూత్రము చాలును. నీటిలో మునిగిన వస్తువు తాను తొలగించిన నీటి బరువంత తేలికపడును. అయిదుగురు ఎక్కే ఒక చిన్న పడవను ఉదాహరణగా తీసుకొందము.

పడవ లోహపు బరువు 120 కిలోలు అనుకొందము. అల్యూమినియం నీటికి 2.7 రెట్లు చిక్కన గనుక ఆ లోహము తొలగించే నీరు 44 కిలోలు. నురుగు మోయవలసినది మిగిలిన 76 కిలోలు. ఇంజను 50 కిలోలు. అది పూర్తిగా మునగకపోవచ్చును గనుక బరువంతా లెక్కించుటే క్షేమము. బ్యాటరీ, పనిముట్లు 20 కిలోలు. మనుషులు ఒక్కొక్కరు 60 కిలోల చొప్పున 300 కిలోలు. నీరు నిండిన పడవలో కూర్చున్న వారి శరీరములో చాల భాగము నీటిలోనే ఉండును గనుక అందులో సగము, అనగా 150 కిలోలు లెక్కించుట వాడుక. మొత్తము 76, 50, 20, 150 కలిపి 296 కిలోలు.

ఒక లీటరు నురుగు తొలగించే నీరు ఒక కిలో. దాని సొంత బరువు 32 గ్రాములు. మిగిలే శక్తి 968 గ్రాములు. కనుక 296ను 0.968 చేత భాగించినచో 306 లీటర్లు వచ్చును. కాలము గడచిన కొద్దీ కలిగే నష్టానికి, లెక్కలోని పొరపాట్లకు కొంత అదనముగా చేర్చి 360 లీటర్లు ఉంచుట మంచిది. కొత్త నురుగు ఇచ్చే శక్తి 348 కిలోలు, అవసరము 296, చేతిలో 52 కిలోల మిగులు.

ఇప్పుడు పైన తూచిన తడి ముక్క వద్దకు తిరిగి వత్తము. లీటరు 330 గ్రాములు తూగే నురుగు ఇచ్చే శక్తి 670 గ్రాములే. 360 లీటర్లకు అది 241 కిలోలు. అవసరము 296 గదా. మిగులుకు బదులు 55 కిలోల లోటు. ఎండగా ఉన్న రోజున ఏ తేడా కనిపించని ఈ పడవ, నీరు నిండిన రోజున మునుగును. అయిదుగురి ప్రాణాలకు, త్రాసులో కొన్ని గ్రాముల తేడాకు ఉన్న సంబంధము ఇదే.

ఎక్కడ ఉంచవలెను?

ఎంత అన్న దానితో సమానమైన ప్రశ్న ఎక్కడ అన్నది. నురుగు అంతా పడవ అడుగున ఉన్నచో నీరు నిండినపుడు తేలిక భాగము పైకి రావలెనని చూచును, పడవ బోర్లపడును. లోపలివారు దాని కిందికి పోదురు. నురుగు పక్కలకు, వీలైనంత ఎత్తుగా, అంచుల కింద ఉన్నచో నీరు నిండిన పడవ తొట్టివలె నిలకడగా ఉండును. ఎద్దులబండికి చక్రాలు రెండు పక్కల దూరముగా ఉండుట వలన కలిగే నిలకడ వంటిదే ఇది.

ముందు వెనుకల సంగతి కూడ చూడవలెను. జాలరులు అణియము అనే ముందు భాగములో బరువు తక్కువ. అమరము అనే వెనుక భాగములో ఇంజను, బ్యాటరీ, నడిపేవాడు ఉందురు. వెనుక తగినంత నురుగు లేనిచో నీరు నిండిన పడవ ముక్కు ఆకాశానికి ఎత్తి నిలువుగా నిలుచును. అప్పుడు పట్టుకొనుటకు అంచు దొరకదు. కనుక ఇంజను బరువును మోసే నురుగును వెనుక మూలలలోనే ఉంచవలెను.

పాత నురుగును తీయుట

మూత రేకుల రివెట్ల తలలను డ్రిల్లుతో తొలిచి రేకులను విప్పవలెను. వాటికి గుర్తులు వేసి, ఫొటో తీసి ఉంచినచో తిరిగి బిగించునపుడు ఇబ్బంది ఉండదు. నురుగును పొడవాటి రంపముతోను, చెక్క గరిటెవంటి పనిముట్టుతోను తీయవలెను. ఉలి, సుత్తి వాడితే పలుచని రేకుకు చిల్లు పడును. పాలియురెథేన్ లోహాన్ని గట్టిగా పట్టుకొనును గనుక చివరి పొరను ఓపికగా గీకవలెను. గట్టిపడిన ఈ పదార్థాన్ని కరిగించే ద్రావణి కొరకు వెదకుట వ్యర్థము. దాని అణువులు ఒకదానితో ఒకటి అల్లుకొని వలవలె ఏర్పడినవి.

కళ్లకు అద్దాలు, ముక్కుకు దుమ్ము తొడుగు, చేతులకు తొడుగులు తప్పనిసరి. తీసిన నురుగును కుప్పవేసి కాల్చుట మహా ప్రమాదకరము. పాలియురెథేన్ కాలినపుడు కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడ వెలువడును. నదిలో పారవేయరాదు, అది ముక్కలై చేపల కడుపులలోనికి చేరును. సంచులలో మూటకట్టి నగరపు చెత్త సేకరణకు అప్పగించుటే తగిన మార్గము.

నురుగు తీసిన తరువాత లోహాన్ని మంచి నీటితో కడిగి, పూర్తిగా ఎండనివ్వవలెను. వర్షాకాలములో ఇది అసాధ్యము గనుక ఈ పనికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు అనువైన కాలము. తెల్ల పొడి ఉన్నచోట్ల నైలాను కుంచెతో గీకి, గుంటల లోతు చూడవలెను. ఇనుప తీగల కుంచె వాడరాదు; దాని రజను లోహములో ఇరుక్కుని కొత్త క్షయానికి బీజమగును. లోతైన గుంటలు ఉన్నచో వెల్డింగు చేయువానికి చూపించి, ఆ తరువాతనే ముందుకు పోవలెను. ఇత్తడి, రాగి మరలు అల్యూమినియంకు తగులరాదు. రెండు వేరు లోహాలు ఉప్పు నీటిలో కలిసినచో చిన్న బ్యాటరీవలె పనిచేసి అల్యూమినియం కరిగిపోవును. రాగి కలిసిన అడుగు రంగులకు కూడ ఈ నిషేధము వర్తించును.

ఏ నురుగు వాడవలెను?

అంగడిలో దొరికేవి ముఖ్యముగా మూడు రకాలు. పూసలు అతికించినట్లు కనిపించే తెల్లని థర్మోకోల్ అన్నిటికంటె చౌక. కాని పూసల నడుమ సందులలో నీరు చేరును. పెట్రోలు తగిలితే కరిగిపోవును. ఒక చిన్న గాజు గిన్నెలో రెండు చెంచాల పెట్రోలు పోసి, అందులో థర్మోకోల్ ముక్కను వేసినచో క్షణములో జిగురు ముద్దగా కుంగుట చూడవచ్చును. పెద్దల సమక్షములో, ఆరుబయట, నిప్పుకు దూరముగా చేయవలసిన ప్రయోగమిది. పెట్రోలు తొట్టి ఉన్న పడవలో దీనికి స్థానము లేదు.

రెండవది పలకలుగా వచ్చే నున్నని పాలిస్టైరీన్. నీలి, గులాబి రంగులలో ఉండును. ఇది నీటిని చాల తక్కువగా పీల్చును. కాని పెట్రోలు విషయములో థర్మోకోల్ బంధువే. గట్టి ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, ఇంజనుకు దూరముగా వాడవచ్చును. ఇదే కోవలో పాలియెథిలీన్ నురుగు పలకలు పెట్రోలును బాగుగా తట్టుకొనును. వంగును గాని పగలవు.

మూడవది పాలియురెథేన్. పెట్రోలుకు, నూనెకు తట్టుకొనుటలో మేలైనది. పలకలుగా దొరికినచో పలకలే మేలు. పలకలను కోసి అమర్చితే వాటి చుట్టు నీరు జారుటకు సందు ఉండును. ఏటేటా తీసి తూచవచ్చును. పోత నురుగు ప్రతి మూలను నింపును గాని, నీటికి దారి మూయును. తరువాత తీయుట కష్టము. ఆకారము వంకరగా ఉండి పలకలు అమరని చోటనే పోత నురుగును ఆశ్రయించవలెను.

పోత నురుగు: రసాయనము, జాగ్రత్తలు

పోత నురుగు రెండు డబ్బాలలో వచ్చును. ఒకదానిలో పాలియాల్, మరొకదానిలో ఐసోసయనేట్. రెండును కలిసినపుడు యురెథేన్ బంధాలు ఏర్పడి ద్రవము గట్టిపడును. అదే సమయాన నీటితో ఐసోసయనేట్ చర్య జరిపినచో కార్బన్ డయాక్సైడ్ పుట్టును. 18 గ్రాముల నీటికి సుమారు 24 లీటర్ల వాయువు. దోసె పిండి పులిసి పొంగుటకు కారణమైన వాయువు కూడ ఇదే. పాత కాలపు నురుగులలో పొంగించుటకు సి.ఎఫ్.సి. 11 అను ద్రవాన్ని వాడేవారు. ఓజోన్ పొరకు హాని చేయుచున్నందున 1987 నాటి మాంట్రియల్ ఒప్పందము ప్రకారము వర్ధమాన దేశాలలో సైతము 2010 నాటికి దాని ఉత్పత్తి నిలిచిపోయినది.

ద్రవము సుమారు 35 రెట్లు పొంగును. అందుచేత 360 లీటర్ల నురుగుకు కావలసిన ద్రవాలు 12 కిలోలకు మించవు. ఒకేసారి పోయుట తప్పు. చర్యలో వేడి పుట్టును. మందముగా పోసినచో లోపలి వేడి బయటకు పోలేక మధ్యభాగము మాడి చీలును. పొంగే ఒత్తిడికి పలుచని రేకు ఉబ్బిపోవును కూడ. కొద్దికొద్దిగా పోసి, ఒక పొర పొంగి చల్లారిన తరువాతనే రెండవది పోయవలెను. గాలి పోవుటకు పైన రంధ్రము విడువవలెను. గిన్నెలు, లోహము ఎముక వలె పొడిగా ఉండవలెను. తేమ అదనముగా ఉన్నచో వాయువు ఎక్కువై గదులు పెద్దవై పగిలి, మనము కోరిన మూత గదుల నురుగుకు బదులు స్పాంజి తయారగును. ఉక్కపోత రోజున ఈ పని తలపెట్టరాదు.

ఐసోసయనేట్ అన్న పేరు వినగానే 1984 నాటి భోపాల్ గుర్తుకు వచ్చుట సహజము. అక్కడ లీకైన మిథైల్ ఐసోసయనేట్ సులభముగా ఆవిరయ్యే ద్రవము. పోత నురుగులో వాడే ఎం.డి.ఐ. అదే కుటుంబములోనిదైనను గది ఉష్ణోగ్రత వద్ద చాల తక్కువగా ఆవిరగును. అయినను అది చర్మానికి తగిలినా, పొంగేటప్పుడు వెలువడే ఆవిరిని పీల్చినా కొందరిలో శాశ్వతమైన ఉబ్బసపు తత్త్వము కలుగును. కనుక ఆరుబయట, గాలి వీచే వైపుకు వీపు పెట్టి, తొడుగులతో పనిచేయవలెను. ఉబ్బసము ఉన్నవారు దరికి రాకుండుట మేలు. పూర్తిగా గట్టిపడిన నురుగు వలన ఆ ప్రమాదము లేదు.

ఏ రకము వాడినను ఒక నియమము మారదు. పడవ అడుగు మధ్యగా, ముందు నుండి వెనుక వరకు నీరు జారే కాలువ ఖాళీగా ఉండవలెను. నురుగును అడుగు రేకుకు రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తున, ప్లాస్టిక్ పట్టీల మీద నిలపవలెను. వెనుక బిరడా తీసినపుడు ప్రతి చుక్క బయటకు రావలెను. కొత్త నురుగును పాత తప్పుతో నింపినచో పదేళ్ల తరువాత అదే కథ తిరిగి మొదలగును.

చివరి పరీక్ష

పని ముగిసిన పడవను నదిలో కాక, ప్రవాహము లేని, నడుము లోతు మించని నీటిలో పరీక్షించవలెను. ఇంజనును, బ్యాటరీని తీసి వాటి బరువంత ఇసుక సంచులను ఆ చోట్లనే కట్టవలెను. నీట ముంచినపుడు ఇసుక కూడ కొంత తేలికపడును గనుక సంచుల బరువు లెక్క కంటె ఎక్కువగానే ఉండవలెను. మనుషుల బదులుగా కూడ సంచులనే ఉంచి, బిరడా తీసి నీరు నింపవలెను. అంచులు నీటికి సమముగానో, కొంచెము పైననో నిలిచి, పడవ ఏ పక్కకు ఒరగక ఉన్నచో లెక్క సరిపోయినట్లే. ఒరిగినచో ఏ మూల నురుగు తక్కువో అదే చూపించును.

ఇంత చేసినను నురుగు తుపానును ఆపలేదు. ప్రాణరక్షక కవచానికి బదులు కాదు. అది ఇచ్చేది కొంత సమయము, పట్టుకొనుటకు ఒక అంచు. నీట పడిన మనిషి తల ఎంత చిన్నదో, బోర్లపడని పడవ అంచు ఎంత దూరము కనబడునో ఒడ్డు నుండి చూచినవారికి తెలియును. వెదకేవారు రక్షింపగలుగుటకు ఆ తేడా చాలును.

ఇంటికి పునాది వంటిది పడవకు నురుగు. రెండును కంటికి కనబడవు. కనబడనందుననే ఎవరును తలచరు. పునాదిని తవ్వి చూచుట సాధ్యము కాదు. నురుగు విషయములో ఆ చిక్కు లేదు. ప్రతి సంవత్సరము వానలు వెనుదిరిగిన తరువాత ఒక బల్లను విప్పి, లీటరు ముక్కను త్రాసులో పెట్టినచో చాలును. ముప్పది గ్రాములా, మూడు వందల గ్రాములా అన్న ఒక్క సమాధానము మీద ఆ పడవ ఎక్కే వారందరి క్షేమము ఆధారపడి ఉన్నది.